బల్ల మీద పడుకోని గాజు

కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకు చెప్పదగ్గ గొప్ప సంగతులు నా దగ్గర లేవు. నేను పదకొండేళ్లు సీసాలు కడిగాను. సింగపూర్‌లో, ఒక పరిశోధనశాలలో. కానీ చెయ్యని తప్పుకి సారీ చెప్పి ఎంత చిక్కులో పడొచ్చో నాకు తెలిసినంతగా మీ పెద్ద ఆఫీసర్లకు కూడా తెలియదు. అందుకని ఈ ఒక్క సంగతి వినండి.

మా ఆయన ఓడల యార్డులో ఫోర్‌మన్‌గా చేసి పోయాడు. ఊరి చివర యూ టీ అనే పేటలో మా అమ్మాయి ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చోలేక నేను ఈ పనిలో చేరాను. చదువు లేదు. సంతకం గీస్తాను. అంకెలు మాత్రం బాగా వచ్చు. అంకెలు రాకపోతే ఈ ఊళ్లో బస్సెక్కలేం, మన బ్లాకు కూడా మనం కనుక్కోలేం. ఏటా కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది ఉద్యోగం. ఆ కాగితం రాకపోతే ఇంటికి. ఆ వయసులో నన్ను ఇంకెవరు పిలిచి పనిస్తారు?

సీసాలు కడగడంలో ఏముంది అనేవాళ్లు ఉన్నారు. వాళ్లను ఒక్క పూట ఆ సింకు దగ్గర నిలబెట్టాలి. సబ్బు, తర్వాత మూడుసార్లు కుళాయి నీళ్లు, తర్వాత మూడుసార్లు శుద్ధి చేసిన నీళ్లు. ఆరాక మూతికి ఫాయిల్ చుట్టి ఆవిరి యంత్రంలో పెట్టాలి. లోపల ఇంత సబ్బు జిడ్డు మిగిలినా వాళ్ల ప్రయోగం పాడవుతుందట. పదకొండేళ్లలో నా సీసాలో సబ్బు మిగిలిందన్నవాళ్లు లేరు, ఆ ఒక్కసారి తప్ప.

నాకు రాయడం రాదు కాబట్టి నాకొక పుస్తకం ఉండేది. ఆఫీసు వాళ్లిచ్చిన లాగ్ బుక్కు కాదు. అందులో నాతో పనిచేసే చైనా ఆంటీ నా తరఫున కూడా రాసేసేది. ఇది నా సొంతం. ఆవిరి యంత్రంలో ఒక విడత పెట్టినప్పుడల్లా ముగ్గుకి పెట్టినట్టు చుక్కలు పెట్టేదాన్ని. సోమవారం మొదటి విడతకి ఒక చుక్క, రెండో విడతకి రెండు. సీసాల మీద వాళ్లు మార్కర్‌తో రాసిన నంబర్లు కడగబోయే ముందు ఎక్కించుకునేదాన్ని, ఏ సీసా ఏ విడతలో ఉడికిందో తెలియాలని. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మా నాన్న బంగారం పని చేసేవాడు. గాజులు ఏ సైజు ఎవరికి వెళ్లిందో ఇలాగే గుర్తులు పెట్టుకునేవాడు, చిన్న సైజు ఎడమ పక్కన, పెద్దది కుడి పక్కన. నా పుస్తకం కూడా అంతే. చిన్న నంబరుకి ఎడమ పక్క గడి, పెద్ద నంబరుకి కుడి పక్క గడి.

నన్ను ఇరకాటంలో పెట్టిన సీసాలు ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక పీహెచ్‌డీ పిల్లవి. నాలుగో ఏడు చదువుతోంది. సన్నగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయినట్టు నడిచేది.

"ఆంటీ, నా సీసాలు మీరే కడిగారా?" అని మొదటిసారి అడిగినప్పుడు, "నేను కాక మీ మేనత్త వచ్చి కడుగుతుందా?" అన్నాను. అప్పటి నుంచి స్నేహం.

ఇంతకీ వీటిలో ఏం పోస్తావే అని ఒకరోజు అడిగాను.

"గాజులే ఆంటీ. కాకపోతే కంటికి కనపడవు."

డీఎన్‌ఏ అట. మన ఒంట్లో ఉండేదే. ఆ దారాన్ని చిన్న ముక్కలుగా చేయించి, ఒక్కో ముక్కని రెండు చివర్లూ అతికించి గుండ్రంగా చేస్తుంది. ఆ దారంలో పూసల్లా వరసగా ఉండేవాటిని అక్షరాలంటారట; అరవై అక్షరాల గాజు, డెబ్బై అక్షరాల గాజు, అలా కొలతలు. ఒక్కో కొలత గాజుని ఒక్కో సీసాలో శుద్ధి చేసి, సీసా మీద ఆ నంబరే రాస్తుంది. తర్వాత ఒక ఎంజైముని అందులో వదులుతుంది. అది గానుగెద్దులాగా గాజు చుట్టూ తిరుగుతూ, అదే గాజుకి మళ్ళీ మళ్ళీ నకలు తీస్తూ పొడవాటి దారం వదులుతూ పోతుందట. ఎంత దారం వచ్చిందో కొలవడం ఈ పిల్ల పని. రోగాలు పట్టుకునే పరీక్షల్లో పనికొస్తుందని చెప్పింది.

అంతవరకూ బాగానే ఉంది. తకరారు ఎక్కడొచ్చిందంటే, ఆ దారం కొన్ని గాజుల నుంచి బోలెడు వచ్చేది, కొన్నిటి నుంచి అరకొర. సైజు పెరిగేకొద్దీ పెరగడమో తగ్గడమో ఉండాలి కదా! అలా లేదు. ఒకదానికి బాగా వస్తే, దానికంటే నాలుగైదు అక్షరాలే పెద్దదైన దానికి రాదు. వాళ్ల ప్రొఫెసర్ నెల రోజులు చూశాడు, రెండు నెలలు చూశాడు. మూడో నెల నా సింకు దగ్గరికి వచ్చాడు. వెంట ల్యాబ్ మేనేజర్.

ప్రొఫెసర్ పొడుగు మనిషి. కోపం వస్తే గొంతు పెంచడు, వేగం పెంచుతాడు. నాకు అందులో సగం అర్థం కాలేదు. సోప్ అన్నాడు, డర్టీ అన్నాడు, ఫోర్ ఇయర్స్ వర్క్ అన్నాడు. ఆయన వెనక ఆ పిల్ల మొహం పాలిపోయి నిలబడి ఉంది. నేనేం చేశాను? పెద్దవాళ్లు కోపంగా ఉంటే మనవాళ్లు ఏం చేస్తారో అదే చేశాను. చేతులు తుడుచుకుని, తల దించుకుని, "సారీ సార్, సారీ. మై మిస్టేక్ సార్" అన్నాను.

మా ఇంట్లో మా మామగారి ముందు ఈ మాట రోజుకి నాలుగుసార్లు అనేదాన్ని. పప్పు మాడింది ఆయన మరదలి వల్లయినా సరే, "తప్పయిపోయింది మామయ్యగారూ" అంటే ఆయన చల్లారిపోయి భోజనానికి కూర్చునేవాడు. అది తప్పు ఒప్పుకోవడం కాదు. కాలిన పెనం మీద ఇన్ని నీళ్లు చల్లడం. మీ అమ్మల్ని అడగండి, వాళ్లకీ తెలుసు.

ఇక్కడ వీళ్లకి తెలియదు! ప్రొఫెసర్ ఠక్కున ఆగిపోయాడు. చల్లారాడనుకున్నాను. ఆయన మేనేజర్ వైపు తిరిగి, విన్నావా అన్నట్టు చూశాడు. మేనేజర్ జేబులోంచి ఫోన్ తీసి ఏదో కొట్టుకున్నాడు.

మర్నాడు నా ముందుకి ఒక కాగితం వచ్చింది. సంతకం పెట్టమన్నాడు మేనేజర్. ఇక్కడే పుట్టి పెరిగిన తమిళుడు, నెమ్మదస్తుడు. నన్ను అమ్మా అనే పిలిచేవాడు, నాకు అర్థమయ్యేలా తమిళంలోనే మాట్లాడేవాడు. ఏం కాగితమని అడగలేదు నేను. గీసేశాను. ఇది నా రెండో తప్పు. అసలు తప్పులు ఏమైనా చేశానంటే ఈ రెండే.

మధ్యాహ్నం చైనా ఆంటీ కాఫీ, ఆవిడ అనేదైతే కోపీ, తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. నాకంటే మూడేళ్లు పెద్ద. నోరు చాలా పెద్ద. ఈ ఊళ్లో అందరిలాగే మాట చివర ఊరికే 'లా' తగిలిస్తుంది.

"ఆంటీ, వై యూ సే సారీ?"

"హి యాంగ్రీ."

"హి యాంగ్రీ, హిజ్ ప్రాబ్లం లా! యూ సే యువర్ మిస్టేక్, దే రైట్ యువర్ మిస్టేక్. నౌ ఇన్ కంప్యూటర్. ఫరెవర్!"

కంప్యూటర్లో ఏముందో మా అమ్మాయి చెప్పింది, నేను తెచ్చిన ఆ కాగితం నకలు చదివి. సీసాలు సరిగ్గా కడగనందువల్ల ప్రయోగాలు పాడయ్యాయి, ఉద్యోగి ఒప్పుకుంది, అని. "అమ్మా, ఇదేంటి, చదవకుండా ఎలా పెట్టావ్?" అని మా అమ్మాయి. "అమ్మమ్మా, యూ షుడ్ నాట్ సైన్ వాట్ యూ కెనాట్ రీడ్, లా" అని పన్నెండేళ్ల మనవరాలు. నాకు పుట్టినవాళ్లూ, వాళ్లకు పుట్టినవాళ్లూ కలిసి నాకు బుద్ధి చెప్పారు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

కాంట్రాక్టు కాగితం రావాల్సిన నెల అది. రాలేదు. మేనేజర్‌ని అడిగితే, "ఈ విషయం తేలాక చూద్దాం అమ్మా. వచ్చే నెల ప్రొఫెసర్ మీటింగ్ పెడుతున్నారు" అన్నాడు. తేలేదేముంది? నేనే తేల్చి చేతిలో పెట్టాను కదా!

ఇక నా కోపం సీసాల మీద చూపించాను. మూడుసార్లు కాదు, ఆరుసార్లు కడిగాను. వేళ్లు తెల్లగా నానిపోయాయి. అయినా ఆ పిల్ల గాజుల్లో తేడా లేదు. వచ్చేవి వస్తున్నాయి, రానివి రావట్లేదు. ఒకరోజు పొద్దున్నే సింకు దగ్గరికి వచ్చి ఏడవడం మొదలుపెట్టింది.

"ఆంటీ, సారీ ఆంటీ. మీమీద పడుతుందని నేననుకోలేదు. అరవై ఎనిమిది చేసిన రోజు సీసాలే బాలేవేమో అన్నాను, అంతే."

"ఏ రోజు?"

"ఏమో ఆంటీ, మార్చిలో. రెండుసార్లు చేశా."

నాకు ఒళ్లు మండిపోయింది. "మూడుసార్లు చేశావు" అన్నాను. నా పుస్తకం తెచ్చి దాని ముందు పడేశాను. "ఇదిగో అరవై ఎనిమిది గడి. చుక్కలు లెక్కపెట్టు. మూడు వేరువేరు వారాలు, మూడు వేరువేరు విడతలు. ఇదిగో ఈ విడతలోనే డెబ్బై మూడు కూడా ఉడికింది. ఒకే నీళ్లు, ఒకే సబ్బు, ఒకే చెయ్యి. డెబ్బై మూడు వచ్చిందా నీకు?"

"బాగా వచ్చింది."

"మరి నా సబ్బు అరవై ఎనిమిదినే పట్టుకుందా? దానికేమైనా పగా?"

ఆ పిల్ల ముక్కు తుడుచుకుని పుస్తకం దగ్గరికి లాక్కుంది. జేబులోంచి పెన్సిల్ తీసి, ఒక్కో గడి కింద బాగా వస్తే టిక్కు, రాకపోతే ఇంటూ పెట్టడం మొదలుపెట్టింది. ఎడమ నుంచి కుడికి. నేను పళ్లాలు తుడుస్తున్నాను. కాసేపటికి పెన్సిల్ చప్పుడు ఆగిపోయింది.

"ఆంటీ, ఇవి సైజు వరసలో ఎందుకు రాశారు?"

"గాజులన్నావు కదా. గాజుల్ని సైజు వరసలో కాక ఎలా పెడతారు?"

"నేను తేదీల వరసలో పెట్టుకున్నా. నాలుగేళ్లుగా!" అని నెత్తి కొట్టుకుంది.

నేనూ వంగి చూశాను. టిక్కులు, ఇంటూలు, మళ్ళీ టిక్కులు, మళ్ళీ ఇంటూలు. తీరానికి అలలు వచ్చి పోతున్నట్టు. పది నంబర్లకి ఒకసారి లేస్తున్నాయి, ఒకసారి పడుతున్నాయి. కుడి పక్కకి వెళ్లేకొద్దీ, అంటే గాజు పెద్దదయ్యేకొద్దీ, ఆ లేవడం పడటం తగ్గిపోతోంది. నాలుగేళ్ల చదువు, అంత పెద్ద కంప్యూటర్లు. అన్నీ ఉండి ఒక్కరికీ చిన్నదాని పక్కన పెద్దది పెట్టి చూడాలనిపించలేదు! నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

పదికి ఒకసారి ఎందుకో అది నాకు చెప్పడానికి తంటాలు పడింది. గాజు మొదట ఒంటి పోగు. ఎంజైము దాని మీద రెండో పోగు వేసుకుంటూ పోతుంది. రెండు పోగులు కలిస్తే డీఎన్‌ఏ ఊరుకోదు, మెలి తిరుగుతుంది. పది, పదిన్నర అక్షరాలకు ఒక చుట్టు. చుట్టూ తిరిగి మొదటికి వచ్చేసరికి...

"ఆగు" అన్నాను. "మెలిక గాజు సంగతేనా నువ్వు చెప్పేది?"

రెండు తీగలు కలిపి మెలిపెట్టి చేసే గాజులు మీరు చూసే ఉంటారు. ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న నాకు రాగి తీగలిచ్చి మెలిపెట్టమనేవాడు. మెలి పూర్తయిన చోట కోసి వంచితే ఏ తీగ చివర ఆ తీగ మొదటికే సరిగ్గా వచ్చి కలుస్తుంది. టంకం వేస్తే గాజు బల్ల మీద చక్కగా పడుకుంటుంది. సగం మెలి దగ్గర కోశామా, చివర్లు తారుమారుగా వస్తాయి. బలవంతంగా తిప్పి అతికిస్తే అతుకుతుంది కానీ ఆ గాజు బల్ల మీద పడుకోదు. ఒక పక్క లేస్తుంది. నొక్కితే ఇంకో పక్క లేస్తుంది. మా నాన్న దాన్ని నా ముందు టపటపా కొట్టి, "చూశావా, అలిగింది" అనేవాడు. చంటిపిల్లల గాజులోనే ఈ గొడవంతా. పెద్దవాళ్ల కడియమైతే ఆ సగం మెలి అంత పొడవునా సర్దుకుపోతుంది, ఎవరికీ తెలియదు.

ఆ పిల్ల నన్ను కావలించుకుంది. చేతులకి సబ్బు ఉందే అన్నా వినలేదు.

బిగువున్న గాజు నుంచి దారం ఎక్కువ వస్తుందా, బిగువు లేనిదాని నుంచా అని నన్ను అడక్కండి. ఆ పిల్లే ఒకరోజు అలా, ఒకరోజు ఇలా చెప్పింది. బిగువు మారితే ఆ ఎంజైము నడక మారుతుంది, అంతవరకూ నాకు తెలుసు.

తర్వాత నాలుగు వారాలు అది మధ్యలో వదిలేసిన సైజులన్నీ వరసగా చేసింది, ఒక్కో అక్షరం పెంచుకుంటూ. సగం సీసాలు నేను కడగాలి, సగం చైనా ఆంటీ కడగాలి అంది, తేడా వస్తుందేమో చూడటానికి. "వా, నౌ మై బాటిల్ ఆల్సో గో టు కోర్ట్!" అని ఆవిడ సణుగుతూనే నాకంటే ఎక్కువసార్లు కడిగింది. ఎవరు కడిగినా అవే అలలు.

మీటింగ్ నాడు నన్నూ రమ్మన్నారు. మా బ్లాకు కింద హార్డ్‌వేర్ షాపులో ఎర్ర తీగ, నల్ల తీగ కొని మూడు గాజులు చేసి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. గుమ్మం దాకా చైనా ఆంటీ వచ్చింది.

"టుడే, నో సారీ. వన్ సారీ, ఐ వోంట్ మేక్ కోపీ ఫర్ యూ వన్ వీక్."

లోపల పొడుగు బల్ల, చుట్టూ పది మంది. ఆ పిల్ల గోడ మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడింది. నా పుస్తకంలో పేజీ కూడా పెద్దదిగా చేసి చూపించింది, చుక్కలతో సహా. నాకు సిగ్గేసింది. పులుసు మరక కూడా పెద్దదయి కనిపించింది. ప్రొఫెసర్ నుదురు ముడిచి నావైపు తిరిగి, వేగంగా ఏదో అడిగాడు. సారీ నా నాలుక చివరికి వచ్చేసింది. ముప్ఫై ఏళ్ల అలవాటు, ఊరికే పోతుందా? పళ్లు బిగించి డబ్బా మూత తీశాను.

చిన్న గాజు ఒకటి బల్ల మీద పెట్టాను. పడుకుంది. రెండోది పెట్టాను. లేచింది. ఆయన వేలితో నొక్కాడు. రెండో పక్క లేచింది. ఇంకోసారి నొక్కాడు. అంత చదువుకున్నవాడు చిన్నపిల్లాడిలా టక్‌టక్‌మని నొక్కుతూనే ఉన్నాడు.

"సేమ్ వైర్. సేమ్ హ్యాండ్. హాఫ్ టర్న్, యాంగ్రీ" అన్నాను. పెద్ద గాజు పెట్టాను. "దిస్ ఆల్సో హాఫ్ టర్న్. బిగ్. నాట్ యాంగ్రీ." నా ఇంగ్లీషు అక్కడికి అయిపోయింది.

"ఇంట్రెస్టింగ్" అన్నాడు ఆయన. అంతే! గాజు చేతిలో పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్లిపోయాడు. పది మందీ అటు తిరిగారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. నేను ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడ్డాను. కూర్చోమన్నవాళ్లు లేరు, వెళ్లమన్నవాళ్లూ లేరు. సీసాల ఊసే ఎవరూ ఎత్తలేదు. నా మీద వేసిన నింద వాళ్లకి పాత సంగతైపోయింది. నాకు కాలేదు. కాసేపు చూసి వచ్చి మిగిలిన సీసాలు కడుక్కున్నాను.

మర్నాడు మేనేజర్ కాంట్రాక్టు కాగితం తెచ్చాడు. మొహం నిండా నవ్వు. "అంతా సర్దుకుంది అమ్మా, సంతకం పెట్టండి."

"మొదటి కాగితం ఏమైంది?"

"అది వదిలేయండి. కంప్యూటర్లో క్లోజ్ చేసేశాను."

"క్లోజ్ అంటే? నేను ఒప్పుకున్నానన్న మాట పోయిందా?"

"అది తీయడానికి సిస్టమ్ ఒప్పుకోదు అమ్మా. ఒకసారి పడితే ఉంటుంది. కింద ఒక వరస కలపొచ్చు, అంతే. దానికి మళ్ళీ ప్రొఫెసర్ ఓకే అనాలి. ఎందుకు అదంతా? ఉద్యోగం వచ్చేసింది కదా."

నేను పెన్ను బల్ల మీద పెట్టేశాను. భయమేసింది, అబద్ధమెందుకు. ఆయన కాగితం తీసుకుని వెళ్లిపోతే నా ఉద్యోగం కూడా ఆయన వెంటే పోతుంది. అయినా సరే, ఆయన టేబుల్ ముందు కుర్చీలో కూర్చున్నాను. "కలపండి. నేను ఇక్కడే ఉంటాను" అన్నాను.

"ఇప్పుడా?"

"ఆ కాగితానికి నా చేత సంతకం పెట్టించడానికి మీకు ఎంతసేపు పట్టింది?"

ఆయన ఫోన్ చేశాడు. ఎదురుచూశాడు. ఇంకోసారి చేశాడు. నేను ఎదురుగా కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. తలుపు దగ్గర చైనా ఆంటీ చేతులు కట్టుకుని నిలబడింది, ఆవిడకి అక్కడ ఏ పనీ లేదు. గంట పట్టింది. చివరికి ఆయన టకటకా కొట్టి, కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"నాకు చదవడం రాదు. మీరే చదవండి. తమిళంలో చెప్పండి."

చదివాడు. ప్రయోగాల్లో తేడా గాజుల కొలతల వల్ల వచ్చింది, కడగడంలో లోపం లేదు, ఉద్యోగి పొరపాటు ఏమీ లేదు, అని.

"ఇంకోసారి."

చదివాడు.

"ఇంకోసారి."

మూడోసారి చదివేటప్పుడు ఆయన గొంతులో విసుగు బాగా వినిపించింది. ఉండనీ అనుకున్నాను. ఆ విసుగు ఇన్నాళ్లూ నా ఒక్కదాని దగ్గరే ఉంది. పూర్తిగా చదివేదాకా ఆగి, అప్పుడు పెన్ను తీసుకున్నాను.